కాలువకు సంఘం ఉంది... కోడుకు?

హంసలదీవి దగ్గర కరకట్ట ఎక్కి నిలబడితే రెండు లోకాలు కనిపిస్తాయి. ఒక పక్క వరిచేలు, రొయ్యల చెరువులు, వాటి మధ్యగా నల్లగా, నింపాదిగా కదిలే మురుగు నీరు. రెండో పక్క మడ చెట్లు, బురద, ఆ పైన సముద్రం. ఈ రెంటికీ మధ్య కట్ట కింద ఒక తూము, దానికి ఇనుప తలుపులు. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు ఆ తలుపులు తెరుచుకుని లోపలి మురుగును బయటికి వదలాలి. పోటు వచ్చేసరికి మూసుకుని ఉప్పునీటిని ఆపాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. తలుపు తుప్పుపట్టి జానెడు సందు ఇచ్చిందా, పై పొలాలకు ఆ సంగతి తెలియడానికి ఎంతోకాలం పట్టదు. ముందు గట్టు వెంబడి గడ్డి ఎర్రబడుతుంది. తర్వాత నారు మాడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి మట్టి మీద తెల్లగా చౌడు పూస్తుంది.

దివిసీమలో మురుగు కాలువను కోడు అంటారు. రత్నకోడు లాంటి పేర్లు వింటే ఏటి పేర్లలా ఉంటాయి. ఒకప్పుడు అవి ఏళ్లే. డెల్టా నేల తనకు తాను వెతుక్కున్న నీటిదారులను మనుషులు తవ్వి, తిన్నగా చేసి, డ్రెయిన్లని పేరు పెట్టారు. ఆ కోడు ఒడ్డున భూమి ఉన్నవాళ్లు వేలమంది. అందరి నీరూ అందులోకే పోతుంది, అందరి పంటా దాని మీదే ఆధారపడుతుంది. అది పూడితే మాత్రం పార పట్టుకుని రావలసింది ఎవరన్న ప్రశ్నకు ఒడ్డున ఉన్న ఊళ్లలో సూటి జవాబు దొరకదు.

హంసలదీవి స్థలపురాణం అందరికీ తెలిసిందే. జనుల పాపాలు మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో పుణ్యతీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మునిగి హంసై తేలిందట. ఇప్పటికీ మాఘ పౌర్ణమికి సాగరసంగమంలో స్నానం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఈ నీటి మహిమ ఏమిటో పురాణం చెబుతుంది. చివరి పదిమైళ్లలో దానిలో ఏం కలుస్తోందో మనం చెప్పుకోవాలి.

శివారు నీళ్లు

విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా ఆయకట్టు ఈనాడు 13 లక్షల ఎకరాల పైమాట. ఆ పటంలో దివిసీమ చిట్టచివర ఉంటుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, మధ్యలో ఈ నేలను దీవిని చేసి, రెండు పాయలుగా సముద్రంలో కలుస్తుంది. అక్కడ నది పాయ మీదుగా కట్టిన అక్విడెక్టు కాలువ నీటిని దీవిలోకి దాటిస్తుంది. నది మీద నది నడిచినట్టుండే ఆ కట్టడం లేకపోతే అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు వరి మాట అటుంచి, తాగే నీటికే కటకట.

ఎందుకంటే ఇక్కడ చాలాచోట్ల నేలలో నీరు ఉప్పన. బోరు వేస్తే ఉప్పు, నుయ్యి తవ్వితే ఉప్పు. ఊరి మంచినీటి చెరువే దిక్కు. కాలువలు కట్టేసే ముందు ఆ చెరువును నింపుకోవాలి. నిండకపోతే ఏప్రిల్, మే నెలలు ట్యాంకర్ కోసం బిందెలు వరుసబెట్టాల్సిందే. అందుకే కాలువ నీరు శివారుకు చేరిందా లేదా అన్నది దివిసీమలో ఇంటింటి ప్రశ్న. పైన ఉన్న ఊళ్లు తూములు కాస్త ఎక్కువ ఎత్తితే, కాలువలో తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకుపోతే, లస్కర్లు లేక లాకుల దగ్గర చూసే నాథుడు కరవైతే, ముందు తెలిసేది శివారుకే. పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు కృష్ణకు వస్తున్నప్పటి నుంచి ఊడ్పులు ముందుకు జరిగాయన్నది నిజం. నీరు బ్యారేజీ దాకా రావడం ఒక సంగతి. కోడూరు చివరి పంట బోదెలో పారడం మరో సంగతి.

ఊరంతా కలిసి నీటిదారిని బాగుచేసుకోవడం మనకు కొత్త కాదు. కుడిమరామత్తు అని పాత మాట ఒకటుంది. చెరువు పూడిక తీయడం, కాలువ గట్టు పూడ్చడం, గండి పడితే రాత్రికి రాత్రి మట్టి వేయడం ఆయకట్టు రైతుల వంతు. ఎవరి ఎకరాలను బట్టి వాళ్ల మనుషులు. మద్రాసు ప్రాంతం కోసం 1858లో వచ్చిన చట్టమొకటి ఈ ఆచారాన్ని నిర్బంధంగా మార్చింది. గండి పడే వేళ పిలిస్తే రాని రైతుకు జరిమానా. ఆచారంగా ఉన్నప్పుడు అందులో ఊరి పరువు ఉండేది. చట్టంగా మారాక అధికారి పిలుపు మిగిలింది. ఆ తర్వాత మరమ్మతు శాఖ పని అయింది, శాఖ పని కాంట్రాక్టరు పని అయింది, రైతు చేతికి అర్జీ మిగిలింది.

1997లో అప్పటి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ఆ పారను తిరిగి రైతు చేతికి ఇవ్వాలని చూసింది. ఒకే ఏడాది 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆ పైన ప్రాజెక్టు కమిటీలు. దేశమంతా దీన్ని చూడటానికి వచ్చింది. మొదటి ఏళ్లలో పూడికలు తీశారు, షట్టర్లు బాగు చేశారు, శివారుకు నీరు చేరిన చోట రైతులు సంతోషించారు. తర్వాత పార్టీలు కమ్ముకున్నాయి, పని కన్నా పదవికి పోటీ ఎక్కువైంది, ఏళ్ల తరబడి ఎన్నికలే లేక సంఘాలు కాగితాల మీద పడుకున్నాయి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. చేతులెత్తి ఎన్నుకున్న కొత్త కమిటీలు ఇప్పుడు పనిలో ఉన్నాయి. వాటి మీద నాకు ఆశ ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా బాధ వేరే చోట ఉంది. సంఘమంటే జనం మనసులో కాలువే. చట్టంలో మురుగునీటి మాట లేకపోలేదు. పెద్ద డ్రెయిన్ల బాధ్యత మాత్రం డ్రైనేజీ శాఖది. కాలువ నీరు రాకపోతే సంఘం అధ్యక్షుణ్ణి నిలదీస్తారు. కోడు పొంగితే ఆకాశాన్ని నిందిస్తారు. వచ్చే నీటికి అందరూ హక్కుదారులు, పోయే నీటికి ఎవరూ లేరు. డెల్టా చివర బతికే ఊళ్లకు పోయే నీరే ప్రాణం మీదికి తెస్తుంది.

చెరువు గట్టు, చేను గట్టు

దివిసీమ నేల వాలు ఎంత తక్కువంటే, కోడులో నీరు నడవడానికి సముద్రం అనుమతి కావాలి. పాటు ఉన్న కొద్ది గంటల్లోనే మురుగు దిగాలి. అదే వేళకు పైన వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిస్తే, కింద పోటు తలుపులు మూసి పెడితే, మధ్యలో ఉన్న వరిచేను చెరువవుతుంది. ఊడ్చి పదిరోజులైన నాట్లు నీటి కింద ఎన్నాళ్లు బతుకుతాయి? కోడు అడుగున బురద పేరుకుని, గుర్రపుడెక్క మేట వేసి, రెండు వైపులా గట్లు లోపలికి జరిగి ఉంటే ఆ పాటు గంటలు కూడా వృథా. గట్లు వాటంతట అవి జరగవు. కోడు పోరంబోకులోకి ఏటా గజం చొప్పున జరిగిన చేని గట్టూ, చెరువు గట్టూ రెండూ ఇందులో ఉన్నాయి.

వరి రైతుకూ రొయ్య రైతుకూ తగవు ఇక్కడ నిత్యం వినిపిస్తుంది. చెరువులో ఉప్పునీరు పెడితే ఊట పక్క చేనుకు దిగుతుంది. మూడు వైపులా చెరువులైపోయాక నాలుగో వైపు మిగిలిన వరి చేను రైతు రెండేళ్లు ఓర్చి, మూడో ఏడు తానూ లీజుకు ఇచ్చేస్తాడు. అలా ఒక్కో చేను కాదు, ఒక్కో మడకట్టు మొత్తం చెరువులైపోతుంది. దీన్ని పైనుంచి చూసి పచ్చదనానికీ డాలర్లకూ పోరాటమని తేల్చేయడం సులభం. ఊళ్లోకి వెళితే లెక్క వేరుగా ఉంటుంది. అన్న వరి వేస్తాడు, తమ్ముడు రొయ్య వేస్తాడు. ఖరీఫ్‌లో కోడు పొంగిందని అన్న తిట్టేది తమ్ముడి చెరువు గట్టునే. ఈ తగవును కోర్టులు తీర్చలేవు. ఒక చావడిలో కూర్చోబెట్టి తీర్చాల్సిన తగవిది.

మరి రొయ్య రైతు మాత్రం సుఖంగా ఉన్నాడా? తీరం వెంబడి టైగర్ రొయ్య రాజ్యమేలిన రోజుల్లో, 1994లో తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులను తుడిచిపెట్టింది. ఒకడు జబ్బుపడిన చెరువు నీటిని చీకట్లో కోడులోకి వదిలాడు, కింద వాడు అదే నీటిని తెల్లారి మోటారుతో తోడుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ చెరువూ పోయింది. కోడు ఒక్కటే కాబట్టి జబ్బు కూడా ఉమ్మడిదైంది. బంగారం పెట్టి, పొలం పెట్టి దిగినవాళ్లు చాలామంది ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు.

ఇక్కడే తెలుగు తీరంలో ఒక మంచి పని జరిగింది. దాన్ని గుర్తుచేయడమే ఈ కథనానికి గుండెకాయ. 2000 నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా పసిఫిక్ ఆక్వా కేంద్రాల సమాఖ్య నాకా కలిసి రొయ్యల జబ్బుల మీద ఆంధ్ర తీరంలో పనిచేశాయి. ఏ చెరువులో ఎందుకు జబ్బు వస్తోందని లెక్కలు తీశాక వాళ్లకు తేలిందేమిటంటే, ఒక్క రైతు ఎంత జాగ్రత్తపడినా పక్కవాడు పడకపోతే లాభం లేదు. అందుకని చెరువును వదిలి ఊరిని పట్టుకున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఒకే కాలువ మీద ఆధారపడిన చిన్న రైతులను ఆక్వా క్లబ్బుగా కూర్చారు. చదవడానికి చాలా మామూలుగా అనిపించే కట్టుబాట్లు పెట్టుకున్నారు. అందరూ ఇంచుమించు ఒకే రోజుల్లో పిల్ల వదలాలి. పిల్లను హేచరీ నుంచి కలిసి కొనాలి, కొనేముందు పరీక్ష చేయించాలి. పంట వేయడానికి ముందు కాలువ పూడిక కలిసి తీయాలి. జబ్బు వస్తే దాచకూడదు, ఆ నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదు, వదిలేముందు పక్కవాళ్లకు చెప్పాలి. వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇందులో శాస్త్రం కొంతే. మిగతాదంతా ఇరుగుపొరుగు మర్యాద. జబ్బు దాచకపోవడం అన్న ఒక్క నియమం ఎంత కష్టమో ఆలోచించండి. చెరువులో రొయ్య చస్తోందని బయటపెడితే అప్పు ఇచ్చినవాడు ఇంటికొస్తాడు, మేత కంపెనీ డీలరు సరుకు ఆపుతాడు, కొనేవాడు ధర తగ్గిస్తాడు. అయినా చెప్పాలి. చెబితే పక్కవాడు తన తూము మూసుకుని బతికిపోతాడు. రేపు అతనిదీ అదే వంతు. ఈ నమ్మకాన్ని ఏ చట్టమూ పుట్టించలేదు. వారం వారం కలిసి కూర్చోవడం పుట్టించింది. ఆ క్లబ్బుల్లో పంట దెబ్బలు తగ్గాయి. మందుల వాడకమూ తగ్గింది. ఆ అనుభవం నుంచే 2007లో ఎంపెడా కింద చిన్న రైతుల సంఘాల కోసం జాతీయ స్థాయిలో నాక్సా సంస్థ కాకినాడ కేంద్రంగా పుట్టింది. ఒక తెలుగు ఊరి కాలువ గట్టు మీద నేర్చుకున్నది ఇతర రాష్ట్రాల తీరాలకు వెళ్లింది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక లెక్కలు మారాయి. చెరువులో రొయ్యల సాంద్రత పెరిగింది, ఏరియేటర్లు వచ్చాయి, మేత పెరిగింది, పట్టుబడి రోజున అడుగు నుంచి వచ్చే నల్లటి బురదనీరూ పెరిగింది. తీరప్రాంత ఆక్వా సాగుకు 2005లోనే చట్టం వచ్చింది, వ్యర్థజలాన్ని నిలిపి శుద్ధి చేసే చెరువు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఎకరం, రెండెకరాలు ఉన్నవాడు అందులో కొంత శుద్ధి కోసం వదలమంటే వదలడు. వదలలేడు కూడా. పాతికమంది కలిసి ఉమ్మడిగా ఒక చెరువు తవ్వుకోవడం ఒక్కటే దారి. ఆ ఉమ్మడి చెరువుకు భూమి ఎవరిది, కరెంటు బిల్లు ఎవరిది, పూడిక ఎవరిది అన్నవి మళ్లీ సంఘం కూర్చుని తేల్చాల్సిన మాటలే.

కొల్లేరు చెప్పింది

సంఘం పేరు ఉంటే చాలదని కొల్లేరు నేర్పింది. గుడివాడ, కైకలూరు వైపు వెళ్లినవాళ్లకు ఆ గాయం ఇంకా కనిపిస్తుంది. 1976లో ప్రభుత్వం సరస్సు అడుగు నేలను పేదల, మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులకు ఇచ్చింది. ఆలోచన మంచిదే. కొన్నేళ్లకు సంఘం పేరు పేదలది, చెరువు లీజుదారుడిది అయింది. కట్ట మీద కట్ట పెరిగింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఉప్పుటేరు దాకా పోవడానికి తోవ లేక ఊళ్ల మీద పడింది. 1999లో 5వ కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2005, 2006ల్లో యంత్రాలు పెట్టి చెరువుల కట్టలు కొట్టేశారు. అప్పుడు ఎక్కువ నష్టపోయింది సంఘం పుస్తకంలో పేరు తప్ప చేతిలో ఏమీ లేని కుటుంబాలే. సరస్సులో సొంత పట్టా ఉన్న జిరాయితీ రైతుల గొడవ నేటికీ తెగలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు తమ సరస్సు నీటిమట్టం గురించి తాము కూర్చుని ఒప్పందానికి రాకపోతే, చివరికి ఎవరో వచ్చి పొక్లెయిన్‌తో గీత గీస్తారు.

కొల్లేరులో ఉన్న ఆ జబ్బు దివిసీమ కోడుల వెంబడి కూడా ఉంది. భూమి యజమాని విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. చెరువు చేసేది లీజుదారుడు. అతని చూపు ఈ పంట మీద, మహా అయితే లీజు గడువు మీద. పక్కన వరి చేసేది నోటిమాట కౌలుదారు. నీటి సంఘంలో ఓటు రికార్డుల్లో ఉన్న భూమి హక్కుదారుకూ, నమోదైన కౌలుదారుకూ ఉంటుంది. నోటి కౌలుకు లేదు. అంటే కోడు పొంగితే నష్టపోయేవాడికి కోడు గురించి మాట్లాడే కుర్చీ లేదు, కుర్చీ ఉన్నవాడి కాళ్లు తడవవు. నన్నడిగితే సంఘాల సమస్యలన్నింటిలో దీన్నే ముందు పెడతాను.

సముద్రమట్టం కంటే పల్లపు నేల మీద బతికే నెదర్లాండ్స్‌లో నీటి మండళ్లు ఉన్నాయి. రైన్‌లాండ్ మండలికి 1255 నాటి గుర్తింపు ఉంది. ఇప్పుడు అలాంటివి 21. జనం ఓటేసి ఎన్నుకుంటారు, అవే పన్ను వేస్తాయి, గట్లు, మురుగు, నీటి శుభ్రత మూడూ ఒకే మండలి చూస్తుంది. పూర్వం అక్కడ తన వంతు గట్టు బాగుచేయలేని రైతు గట్టులో పార గుచ్చి ఊరు వదలాలి. ఆ పార పీకినవాడిది ఆ భూమి, ఆ గట్టు బాధ్యత. అంత కటువైన నియమం మనకు వద్దు. భూమితోపాటు గట్టు బాధ్యత కూడా అంటిపెట్టుకుని ఉంటుందన్న మాట మాత్రం మన కౌలు, లీజు కాగితాల్లో ఒక్క వాక్యంగానైనా చేరితే బాగుండు.

మడ నేర్పిన నీటిదారి

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఆ తేదీ చెప్పక్కర్లేదు. ఉప్పెన ఇళ్ల కప్పుల మీదుగా పోయింది. అధికారిక లెక్కలే 10 వేల మంది అన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి చుట్టుపక్కల కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. అంతకు 113 ఏళ్ల ముందు 1864 నవంబరు ఉప్పెన బందరును ముంచింది. మడ అడవి చిక్కగా ఉన్నచోట అల దెబ్బ కాస్త తగ్గిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పుకునేవారు. నాకు తెలిసి దివిసీమలో మడ మీద గౌరవం పుస్తకాల నుంచి రాలేదు, ఆ రాత్రి నుంచి వచ్చింది.

1989లో కృష్ణా అభయారణ్యం ఏర్పడింది. బావురుపిల్లి తిరిగేది ఇక్కడే, శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల వన సంరక్షణ సమితులు కలిసి చచ్చిపోయిన మడను తిరిగి నిలబెట్టాయి. మొక్క నాటడం అందులో రెండో పని. మొదటిది నీరు కదిలేలా చేయడం. నరికిన చోట నేల కుంగి, పోటు నీరు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంది. అక్కడ మడ విత్తనమే మొలవదు. చేప ముల్లులా పెద్ద కాలువ ఒకటి, దానికి రెండు వైపులా పిల్ల కాలువలు తవ్వి పోటు లోపలికి రావడానికి, పాటుతో బయటికి పోవడానికి దారి చేశారు. ఆ తర్వాతే తెల్లమడ నాటారు. తవ్విందీ, నాటిందీ, పశువులు పడకుండా కాసిందీ ఆ ఊళ్ల జనమే.

కట్టకు ఆ పక్కన మడకు పనికొచ్చిన విద్య ఈ పక్కన వరికీ రొయ్యకూ ఎందుకు పనికిరాదు? నీరు రావాలి, పోవాలి, ఏ గంటకు ఏది జరగాలో ఊరికి తెలియాలి. ఒక కోడు మీద ఆధారపడిన వాళ్లంతా, వరి రైతు, చెరువు లీజుదారు, నోటి కౌలుదారు, వేట మీద బతికే మత్స్యకారుడు, మంచినీటి చెరువు నుంచి బిందె మోసే ఇల్లాలు, ఒకే చావడిలో కూర్చునే సంఘం ఒకటి కావాలి. నీటి సంఘాలు ఇప్పుడు ఉన్నాయి, వాటికే కోడును కూడా అప్పగించవచ్చు. ముందు చేయాల్సినవి పెద్ద పనులు కావు. కోడు పొడవునా నడిచి ఎవరి గట్టు ఎంత లోపలికి వచ్చిందో రాసుకోవాలి. ఏ చెరువు ఏ వారం పట్టుబడి చేస్తుందో, నీరు ఎప్పుడు వదులుతుందో పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఊడ్పుల పదిహేను రోజులూ చెరువుల నీరు ఆపాలి. తూము తలుపులకు ఏటా వానలకు ముందే రంగు, గ్రీజు, రబ్బరు పడాలి. ఆ తాళం ఎవరి దగ్గర ఉందో ఊరంతటికీ తెలియాలి.

నేను చివరిసారి కట్ట మీద ఉన్నప్పుడు పాటు ముగిసి పోటు మొదలైంది. ముందు మడ వేళ్ల మధ్య బురద మెరిసింది. తర్వాత సముద్రం వైపు నుంచి నీరు చడీచప్పుడు లేకుండా తూము దాకా వచ్చి తలుపును నెట్టింది. ఒక తలుపు మూసుకుంది. పక్కదాని అడుగున గుర్రపుడెక్క ఇరుక్కుని ఉంది. ఆ సందులోంచి ఉప్పునీరు సన్నగా, పచ్చటి చేల వైపు పారుతోంది.